నీటి బాధ్యత ఎవరిది? ప్రభుత్వం, ప్రైవేటు రంగం, వక్ఫ్

ప్రజలకు అత్యవసరమైన సేవలను ప్రభుత్వమే స్వయంగా అందించాలా, లేక ప్రైవేటు రంగానికి అప్పగించాలా అన్న చర్చ చాలాకాలంగా సాగుతున్నది. ఒక వర్గంవారు ప్రభుత్వ కార్యాలయాల అలసత్వాన్ని, లంచగొండితనాన్ని ఎత్తిచూపి, వ్యాపారికి అప్పగిస్తే పనులు సవ్యంగా సాగుతాయంటారు. మరొక వర్గంవారు వ్యాపారి లాభాపేక్షను ఎత్తిచూపి, బీదవాని గతి ఏమిటని ప్రశ్నిస్తారు. ఇరువురి మాటలలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ముస్లిములమైన మనం ఈ విషయాన్ని ఏ దృష్టితో చూడాలి? ఇస్లామీయ ధర్మశాస్త్రం మనకు ఏదైనా కొలబద్దను ఇచ్చిందా?

ప్రజాసేవలు అనేకం. వాటన్నింటినీ ఒకే వ్యాసంలో చర్చించబూనితే మాటలు మిగులుతాయే తప్ప విషయం తేలదు. కనుక ఇక్కడ నీటి సరఫరా ఒక్కదానినే తీసుకొని పరిశీలిద్దాం. ప్రాణమున్న ప్రతిదానినీ నీటి నుండే సృష్టించినట్లు అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో, అంబియా సూరాలో తెలియజేశాడు. నీరు లేనివాడు దానికి బదులు మరొకటి కొనుక్కొని బ్రతకలేడు. అందువల్ల ప్రభుత్వ, ప్రైవేటు పాత్రల పరీక్షకు నీటిని మించిన గీటురాయి లేదు.

వేసవిలో హైదరాబాదు పాత బస్తీలోని ఏదైనా ఒక గల్లీలో నిలబడి చూడండి. మునిసిపల్ నల్లా ఏ రోజు, ఏ వేళకు వస్తుందోనని బిందెలు వరుసగా ఎదురుచూస్తుంటాయి. మూలమీద ట్యాంకరు ఆగి ఉంటుంది. ఆటోలో ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు ఇంటింటికీ పోతుంటాయి. మసీదు గోడ ప్రక్కన ఎవరో పుణ్యాత్ములు పెట్టిన సబీల్‌లో బాటసారి దాహం తీర్చుకుంటుంటాడు. ఆ ఒక్క గల్లీకి నీటిని అందిస్తున్న చేతులు మూడు: ఒకటి ప్రభుత్వానిది, రెండవది వ్యాపారిది, మూడవది అల్లాహ్ ప్రసన్నత కోరి ధర్మం చేసినవానిది. ఈ మూడూ నేడు క్రొత్తగా పుట్టినవి కావు. దైవప్రవక్త (స) కాలపు మదీనా నగరంలోనే ఈ మూడింటినీ మనం చూడగలం.

రూమా బావి నేర్పిన పాఠం

మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లు మదీనాలో అడుగుపెట్టినప్పుడు వారికి ఎదురైన కష్టాలలో మంచినీటి కొరత ఒకటి. రూమా అనే బావి నీరు తియ్యనిది. కాని అది ఒకరి సొంత ఆస్తి. దాని నీరు అమ్మబడేది. డబ్బున్నవారు కొనుక్కొనేవారు, లేనివారు ఇబ్బంది పడేవారు. ఆ బావిని కొని ముస్లిములందరికీ ఇచ్చేవారికి స్వర్గంలో అంతకంటే మేలైనది లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనంతో దానిని కొని ప్రజలకు అర్పించారు.

ఈ సంఘటనలో గమనించదగిన విషయాలు మూడున్నాయి. మొదటిది, బావి యజమాని ఆస్తిని బలవంతంగా లాక్కోలేదు. అతనికి వెల చెల్లించి కొన్నారు. వ్యక్తి ఆస్తిహక్కును ఇస్లాం గౌరవిస్తుంది. రెండవది, హక్కు ఉన్నది కదా అని బీదవారి దాహాన్ని సంతకు వదిలివేయలేదు. ఆ లోటును తీర్చే పూనిక సమాజ నాయకుని నుండే వచ్చింది. మూడవది మరీ ముఖ్యమైనది. కొన్న తరువాత ఆ బావిలో హజ్రత్ ఉస్మాన్ (రజి) బొక్కెన కూడా తక్కిన ముస్లిముల బొక్కెనలతో సమానమేనన్నది షరతు. ధనం పెట్టినవానికి అదనపు హక్కు ఏదీ మిగలలేదు.

దీనికి ఒక బాధాకరమైన ముగింపు కూడా చరిత్రలో ఉన్నది. హిజ్రీ 35లో (క్రీ.శ. 656) తిరుగుబాటుదారులు ఖలీఫా అయిన హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని ముట్టడించి నీరు అందకుండా చేసినప్పుడు, రూమా బావిని కొని ప్రజలకిచ్చినది తానేనని, నేడు ఆ నీరే తనకు దక్కనివ్వడం లేదని ఆయన వారికి గుర్తు చేశారు. నీటిని అందరిదిగా చేసిన మహనీయునికే నీరు నిరాకరించబడింది. దానం ఎంత గొప్పదైనా, దానిని కాపాడే న్యాయబద్ధమైన అధికారం లేకపోతే ఎవరి హక్కూ భద్రం కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే దృష్టాంతం అరుదు.

ఇచ్చి, వెనుకకు తీసుకొన్న ఉప్పుగని

హదీసు గ్రంథాలలో మరొక సంఘటన కనిపిస్తుంది. యెమెన్ నుండి వచ్చిన అబ్‌యజ్ ఇబ్నె హమ్మాల్ (రజి) అనే సహాబీ మారిబ్‌లోని ఉప్పుగనిని తనకు ఇప్పించవలసిందిగా దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన మంజూరు చేశారు. అప్పుడు సభలోని ఒకరు, అది ఎన్నటికీ తరగని ఊటనీటి వంటిదని, ఎవరు వెళ్ళినా శ్రమ లేకుండా దొరికేదని విన్నవించారు. ఆ మాట విన్నంతనే దైవప్రవక్త (స) ఆ మంజూరును రద్దు చేశారు.

నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనని తెలిపే హదీసును దీనితో కలిపి చదవాలి. మనిషి శ్రమించి త్రవ్విన బావి వేరు, దేవుడు సహజంగా అందరి కోసం పారించిన వనరు వేరు. మొదటిది వ్యక్తి సొత్తు కావచ్చు. రెండవదానిని పాలకుడు సైతం ఒక్కరికి రాసి ఇవ్వలేడు. పొరపాటున ఇస్తే సరిదిద్దుకోవాలి. ప్రభుత్వం ప్రజల వనరులకు యజమాని కాదు. అవి దాని చేతిలో అమానత్ మాత్రమే. అమానత్‌ను కాపాడవచ్చు, సక్రమంగా వినియోగించవచ్చు. సొంత సొమ్ములా పంచిపెట్టరాదు.

హజ్రత్ ఉమర్ (రజి) విధించిన షరతు

మరి వ్యాపారికి చోటే లేదా? ఉన్నది. హిజ్రీ 17లో (క్రీ.శ. 638) హజ్రత్ ఉమర్ (రజి) ఉమ్రా కోసం ప్రయాణిస్తుండగా, మక్కా మదీనాల నడుమ దారి వెంట నీటి వనరులున్నవారు ఆయనను కలిసి, ఆ దారిలో ఇళ్ళు కట్టుకొనేందుకు అనుమతి కోరారు. అంతవరకు ఆ దారిలో బాటసారులకు నిలువ నీడ ఉండేది కాదు. ఖలీఫా అనుమతించారు. కాని ఒక షరతు పెట్టారు: నీటిమీద, నీడమీద తొలి హక్కు బాటసారిదే.

ప్రైవేటు వ్యక్తులకు ప్రజాసేవలో పాత్రనిచ్చే ఒప్పందం ఎలా ఉండాలో ఈ ఒక్క వాక్యమంత షరతులో ఇమిడి ఉన్నది. కట్టేది వారే, ఖర్చు వారిదే, లాభం వారిదే. అయినా బాటసారి హక్కు వారి దయాదాక్షిణ్యాలకు వదిలివేయబడలేదు. అది అనుమతి ఇచ్చేటప్పుడే విధించబడింది. ముందు అప్పగించి, ప్రజలు మొరపెట్టుకొన్న తరువాత షరతులు వెదికే పద్ధతికీ దీనికీ ఎంత వ్యత్యాసమో పాఠకులు ఊహించగలరు.

ధర్మశాస్త్రవేత్తల వివరణ

ఈ పునాదులమీదనే తరువాతి ఫుఖహాలు తమ సూత్రాలను నిర్మించారు. హనఫీ ఫిఖ్హ్‌లో నీటిని స్థూలంగా మూడు విధాలుగా విభజిస్తారు. సముద్రాలు, పెద్ద నదులు అందరివీ. సొంత కాలువ లేక బావి నీటితో పొలం తడుపుకొనే హక్కు యజమానిదే అయినా, మనుషులు, పశువులు దాహం తీర్చుకొనే హక్కును అతడు కాదనలేడు. దీనినే దాహపు హక్కు, అంటే హక్కె షఫా అంటారు. ప్రాణాపాయంలో ఉన్నవానికి యజమాని నీరు నిరాకరిస్తే బలవంతంగానైనా త్రాగవచ్చునన్నారు. ఇక కుండలోనో తిత్తిలోనో పట్టి మోసుకొచ్చిన నీరు పట్టినవాని సొత్తు, దానిని అమ్ముకోవచ్చు. అంటే మనిషి తన శ్రమకు, రవాణాకు వెల పుచ్చుకోవడం ధర్మసమ్మతమే. నీటి మూలాన్నే కబ్జా చేసి దప్పికను బేరంపెట్టడం సమ్మతం కాదు.

ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఖలీఫా హారూన్ రషీద్ కోసం రచించిన కితాబుల్ ఖరాజ్‌లో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) సమాధానమిచ్చారు. ఆయన మరణం క్రీ.శ. 798. దజ్లా, ఫురాత్ వంటి మహానదుల కట్టలు, తూములు, గండ్లు పూడ్చే పని మొదలైనవాటి ఖర్చు బైతుల్ మాల్‌దే. ఎందుకంటే వాటి లాభం అందరిది. రైతులు తమ పొలాలకు తీసుకొనే పిల్లకాలువల ఖర్చు ఆ రైతులదే. ఈ విభజన మన తెలుగు పల్లెలకు పరాయిది కాదు. చెరువు కట్ట సర్కారుది, పంట కాలువ పూడిక ఆయకట్టు రైతులది అన్న మాట మన పెద్దలు ఎరిగినదే. సొంత ఖర్చుతో చెరువు త్రవ్వించినవానికి, దానిని బాగోగులు చూసే షరతుమీద దశబంధం మాన్యం ఇచ్చే ఆచారం కూడా మన నేలమీద ఉండేది.

అదే గ్రంథంలో ఇమామ్ అబూ యూసుఫ్ పన్ను వసూళ్ళను గుత్తకిచ్చే పద్ధతిని తీవ్రంగా వ్యతిరేకించారు. తాను కట్టిన గుత్త సొమ్ముకంటే ఎక్కువ రాబట్టుకోవాలనే తాపత్రయంతో గుత్తేదారు ప్రజలను పీడిస్తాడని, చివరికి దేశమే పాడవుతుందని హెచ్చరించారు. ఏదైనా ఊరివారు తామే ఒప్పుకొని తమలో పేరున్న ఒకనిని కోరినప్పుడు మాత్రం అంగీకరించవచ్చునన్నారు. అప్పుడు కూడా అతని వెంట నమ్మకస్తుడైన ఒక ప్రభుత్వాధికారి ఉండాలి, ఆ అధికారి జీతం బైతుల్ మాల్ నుండే రావాలి. పర్యవేక్షించేవాడు గుత్తేదారు చేతికూడు తింటే పర్యవేక్షణ ఏమవుతుందో పన్నెండు వందల ఏండ్ల క్రితమే ఆయన గ్రహించారన్నమాట.

ఇక ప్రభుత్వ ధనాగారమే ఖాళీ అయితే? ఈ ప్రశ్నను ఇమామ్ మావర్దీ (మరణం క్రీ.శ. 1058) తమ అహ్‌కాముస్ సుల్తానియ్యాలో ముహ్‌తసిబ్ విధులను వివరిస్తూ చర్చించారు. ప్రజాజీవితంలో మంచిని నిలిపి, చెడును వారించే అధికారిని ముహ్‌తసిబ్ అంటారు. ఊరి నీటి సరఫరా పాడైనా, ప్రహరీగోడ కూలినా, బైతుల్ మాల్‌లో ధనముంటే దానితోనే బాగు చేయించాలి. ప్రజలపై భారం వేయరాదు. ధనం లేకపోతే ఆ బాధ్యత ఊరిలోని స్తోమతగల వారందరిమీద పడుతుంది, ఏ ఒక్కరిమీదనో కాదు. వారు పూనుకొని మరమ్మతు మొదలుపెడితే అందుకు అనుమతి అక్కరలేదు. కాని ఊరందరికీ చెందిన కట్టడాన్ని కూలగొట్టి మళ్ళీ కడతామంటే మాత్రం పాలకుని అనుమతి తప్పనిసరి. ఎంత లోతైన ఆలోచన! మేలు చేయడానికి వచ్చినవానిని అడ్డుకోవద్దు. కాని అందరి సొత్తును మార్చివేసే అధికారం అతనికి ఇవ్వవద్దు.

ధర విషయంలోనూ ఇటువంటి సమతూకమే కనిపిస్తుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధరలు నిర్ణయించమని ప్రజలు కోరగా దైవప్రవక్త (స) నిరాకరించారు. అది సరుకు కొరతవల్ల సహజంగా వచ్చిన పెరుగుదల. ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం క్రీ.శ. 1328) దీనిని వివరిస్తూ, ప్రజలకు తప్పనిసరైన సరుకును ఎవరైనా గుప్పిట్లో పెట్టుకొని అన్యాయపు ధర అడిగితే, అప్పుడు న్యాయమైన ధర నిర్ణయించడం పాలకుని విధి అవుతుందన్నారు. ఇంటికి ఒకే గొట్టం వస్తుంది, వీధికి ఒకే కంపెనీ ఉంటుంది. అటువంటి చోట పోటీ అనే మాటకు అర్థం లేదు. కనుక నీటి గొట్టం వ్యాపారి చేతికి పోయిన చోట ధర నిర్ణయం అతనికి వదలరాదని ఈ సూత్రం నుండి మనం గ్రహించవచ్చు.

వక్ఫ్ చేసిన సేవ, దాని పరిమితి

ముస్లిం నాగరికతలో నీటి సేవ అధికభాగం వక్ఫ్ ద్వారా సాగింది. హారూన్ రషీద్ భార్య జుబేదా తన ధనంతో మక్కాకు నీరు తెప్పించిన కాలువ నేటికీ ఐన్ జుబేదా పేరుతో ప్రసిద్ధం. కూఫా నుండి మక్కా వరకు హాజీల దారిలోని తటాకాలు, బావుల నిర్మాణంలోనూ ఆమె పాత్ర ఉన్నందున ఆ దారికే ఆమె పేరు నిలిచింది. కైరో, ఇస్తంబూల్ నగరాలలో వీధి వీధినా సబీళ్ళు వెలిశాయి. క్రింద నీటి సబీల్, పైన పిల్లలు ఖుర్ఆన్ నేర్చుకొనే మక్తబ్ ఉండేలా కైరోలో కట్టడాలు లేచాయి. 1744లో అక్కడ నిర్మించిన అబ్దుర్రహ్మాన్ కత్ఖుదా సబీల్ వాటిలో పేరెన్నికగన్నది. నీరు పోసేవాని జీతం మొదలు మరమ్మతు ఖర్చు వరకు దుకాణాలు, భూముల ఆదాయం నుండి వక్ఫ్ పత్రంలోనే ఏర్పాటు చేసేవారు.

ఇది మనం గర్వించదగిన వారసత్వమే. కాని గర్వంతో ఆగిపోరాదు. వక్ఫ్ నిలవాలంటే మూడు కావాలి: నిజాయితీపరుడైన ముతవల్లి, లెక్కలడిగే ఖాజీ, ఆస్తిని కబ్జాదారుల నుండి కాపాడే ప్రభుత్వం. ఈ మూడింటిలో ఏది లోపించినా సబీల్ ఎండిపోతుంది. అంతేగాక నదికి ఆనకట్ట కట్టి మహానగరమంతటికీ గొట్టాలు వేయడం ఒక దాతకు సాధ్యమయ్యే పని కాదు. వక్ఫ్ ప్రభుత్వ బాధ్యతకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

మన నగరపు అనుభవం

ఈ మాటకు హైదరాబాదు చరిత్రే సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలాదిమంది మరణించారు. ఆ విపత్తు తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలను కోరింది. వరదను ఆపడానికి, త్రాగునీరు ఇవ్వడానికి ఉపయోగపడేలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఏ వ్యాపారీ లాభం కోసం అటువంటి పని తలకెత్తుకోడు, ఏ దాతకూ అంత శక్తి ఉండదు. అది పాలకుని పనే.

ఆ చెరువుల చరిత్రలోనే మారిబ్ ఉప్పుగనిని గుర్తుకు తెచ్చే ఘట్టం మరొకటి ఉన్నది. ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 111 జారీ చేసింది. తరువాత ఆ ప్రభుత్వమే ఒక పరిశ్రమకు మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి అంగీకరించలేదు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2000 సంవత్సరంలో వెలువడిన తీర్పులో కోర్టు ఆ మినహాయింపును త్రోసిపుచ్చుతూ, త్రాగునీరు పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, దానిని కాపాడడం ప్రభుత్వ విధి అని స్పష్టం చేసింది. కాలాలు వేరు, చట్టాలు వేరు. కాని సూత్రం మనకు పరిచయమైనదే: అందరి నీటికి ముప్పు తెచ్చే మంజూరు చెల్లదు. అయితే 2022లో తెలంగాణ ప్రభుత్వం ఆ జి.ఓ. ఆంక్షలను ఎత్తివేస్తూ మరొక ఉత్తర్వు జారీ చేసింది. కోర్టు తీర్పు వచ్చినంత మాత్రాన ప్రజలు కన్ను మూసుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

నగరం పెరిగిన కొద్దీ దూరపు నదులే దిక్కయ్యాయి. 2004 నుండి కృష్ణా జలాలు, 2015 నుండి గోదావరి జలాలు నగరానికి వస్తున్నాయి. 1989లో ఏర్పడిన జలమండలి వీటిని పంపిణీ చేస్తున్నది. 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల వరకు గృహాలకు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. సదుద్దేశమే. కాని ఉచిత నీరు గొట్టం ఉన్న ఇంటికే చేరుతుంది. గొట్టమే లేని గుడిసెవాసి ట్యాంకరు కోసం, డబ్బా కోసం చేయి చాపవలసిందే. ధనికుని నల్లాకు ఉచితం, బీదవాని బిందెకు వెల అన్నప్పుడు ఆ సేవ ఎక్కడో దారి తప్పిందని గ్రహించాలి.

పల్లెలలో నల్లగొండ ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసినదే. వంకరపోయిన కాళ్ళతో పిల్లలు పెరిగిన ఊళ్ళు అవి. ప్రభుత్వ నీరు చేరని కాలంలో శుద్ధజల యంత్రాలు పెట్టిన దాతలూ వ్యాపారులూ ఎందరికో మేలు చేశారు. దానిని కాదనడం కృతఘ్నత. కాని ఆ యంత్రం శుద్ధి చేసే ప్రతి బిందెకూ కొంత నీటిని వృథాగా వదులుతుంది. ఆ నీటిని ఎవరు పరీక్షిస్తున్నారు, యంత్రం చెడితే ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి. శాశ్వత పరిష్కారం నది నీటిని ఊరూరికీ చేర్చడమే. 2016లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశం అదే.

ఇతర దేశాల గుణపాఠాలు

ఈ సూత్రాల నిజాన్ని ఇతర దేశాల అనుభవంతోనూ సరిచూడవచ్చు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1989లో పది ప్రాంతీయ నీటి సంస్థలను ప్రైవేటుపరం చేశారు. అమ్మే ముందు వాటి అప్పులను ప్రభుత్వం మాఫీ చేసింది. అటుపిమ్మట ఆ కంపెనీలు వాటాదారులకు లాభాలు పంచుతూనే 6,000 కోట్ల పౌండ్లకు మించి అప్పులు చేశాయి. నదులలోకి మురుగు వదులుతున్నాయన్న ఆగ్రహం దేశమంతటా పెరిగింది. బొలీవియాలోని కోచబాంబా నగరంలో 1999లో నీటిని ఒక విదేశీ భాగస్వామ్య కంపెనీకి అప్పగించారు. ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ప్రజలు తమంతట తాము త్రవ్వుకొన్న బావులు కూడా కంపెనీ అదుపులోకి పోతాయన్న భయం కలిగింది. తిరుగుబాటు లేచి 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది. పారిస్ నగరం పాతికేళ్ళ ప్రైవేటు పంపిణీ తరువాత 2010లో నీటిని తిరిగి నగరపాలన క్రిందికి తెచ్చుకొని, మరుసటి ఏడే ధరను 8 శాతం తగ్గించింది.

అలాగని ప్రభుత్వ ముద్ర ఉన్నంతనే మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు. కంబోడియా రాజధాని నాంపెన్ నీటి సంస్థ ప్రభుత్వానిదే. 1993లో అది సరఫరా చేసే నీటిలో 72 శాతం లీకులకూ దొంగ కనెక్షన్లకూ పోయేది. అదే సంస్థ, ప్రభుత్వ సంస్థగానే ఉంటూ, అవినీతిపరులను తొలగించి, పెద్దలకూ అధికారులకూ సైతం మీటర్లు బిగించి బిల్లు వసూలు చేసి, బీదలకు రాయితీ కనెక్షన్లు ఇచ్చి ఆ నష్టాన్ని సుమారు 6 శాతానికి తగ్గించింది. మనీలాలో 1997లో ప్రైవేటు కంపెనీకి అప్పగించిన తూర్పు భాగంలో కూడా నీటి నష్టం బాగా తగ్గింది. కాని 2019 మార్చిలో లక్షలాది ఇళ్ళ నల్లాలు ఎండిపోయినప్పుడు ఆ కంపెనీకి ప్రభుత్వం జరిమానా విధించవలసి వచ్చింది. నాంపెన్‌ను బాగు చేసింది ప్రభుత్వం అన్న పేరు కాదు. లెక్క చెప్పే గుణం. ఇంగ్లండును చెడగొట్టింది ప్రైవేటు అన్న పేరు మాత్రమే కాదు. లెక్క అడగవలసినవారి నిర్లక్ష్యం కూడా.

కొలబద్ద

పైన చెప్పినదంతా ఒక్క మాటలో కూర్చితే ఇది: పనిని అప్పగించవచ్చు, బాధ్యతను అప్పగించరాదు. ప్రతి ఒక్కరూ తమ మంద గురించి ప్రశ్నించబడే కాపరులేనని, ప్రజల పాలకుడు కూడా అటువంటి కాపరేనని దైవప్రవక్త (స) బోధించారు. కాపరి జీతగాణ్ణి పెట్టుకోవచ్చు. కాని గొర్రె తప్పిపోతే జీతగాణ్ణి చూపించి తప్పించుకోలేడు.

కనుక ఏ నీటి పథకం మన ముందుకు వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకొందాం. నీటి మూలం అందరిదిగానే ఉంటున్నదా? వెల చెల్లించలేనివాని దాహపు హక్కు ఒప్పందంలోనే రాయబడిందా? పర్యవేక్షించేవాని జీతం ఎవరి చేతి నుండి వస్తున్నది? నల్లా ఎండిన రోజున ఎవరి తలుపు తట్టాలో బీదవానికి తెలుసా? ఈ నాలుగింటికీ సరైన జవాబు ఉంటే నీరు తెచ్చేది ప్రభుత్వోద్యోగి అయినా, వ్యాపారి అయినా అభ్యంతరం లేదు. జవాబు లేకపోతే ఎవరు తెచ్చినా ప్రమాదమే.

మనది ఇస్లామీయ ప్రభుత్వం కాదు గదా, ఈ చర్చ మనకెందుకని కొందరనవచ్చు. బాటసారికి తొలి హక్కు అన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆ బాటసారి మతం ఏమిటని అడగలేదు. దాహపు హక్కు పశువుకు సైతం ఉన్నది. పౌరులుగా మన నీటి హక్కును అడగడం, మన పొరుగువాని హక్కు కోసం కూడా నిలబడడం మన ధర్మమే. నగరపాలక సంస్థకూ, పంచాయతీకీ అర్జీ పెట్టేటప్పుడు ఒక్క మన మొహల్లా కోసమే కాక, ప్రక్కనున్న దళితవాడ కోసం కూడా సంతకం చేయాలి.

మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. దైవప్రవక్త (స) ఒక ముద్, అంటే సుమారు ముప్పాతిక లీటరు నీటితో వుజూ చేసుకొనేవారు. నేడు మన మసీదులలో నల్లా పూర్తిగా త్రిప్పి ఒక్కరు వుజూ చేసుకొంటే ఎన్ని లీటర్లు పోతున్నదో కొలిచి చూస్తే సిగ్గుపడవలసి వస్తుంది. ప్రతి మసీదు కమిటీ వుజూ నీటిని ఇంకుడు గుంతకో చెట్లకో మళ్ళించవచ్చు. తన బోరు నీటి నుండి గోడ బయటి బాటసారికి ఒక నల్లా పెట్టవచ్చు. అందుకు ఏ జి.ఓ. అక్కరలేదు, ముహ్‌తసిబ్ అనుమతి కూడా అవసరం లేదని మావర్దీ చెప్పనే చెప్పారు.

అప్పగించబడిన అమానత్‌ను కాపాడే పాలకులను, ఆ అమానత్ గురించి నిర్భయంగా ప్రశ్నించే ప్రజలను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన బొక్కెనను ఇతరుల బొక్కెనలతో సమానంగా చూసుకొనే మనసును మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.